పసుపెక్కిన స్నీకర్స్‌ను మళ్లీ తెల్లగా చేయడం ఎలా? ఎండే సమస్య, ఎండే మందు

తెల్ల స్నీకర్స్ సోల్ పసుపెక్కగానే చాలామంది చేసే మొదటి పని బ్లీచ్ పోసి రుద్దడం. అది పనిచేయకపోతే కొత్త జత ఆర్డర్ పెట్టేయడం. కానీ కుట్లు, గ్రిప్ బాగానే ఉన్న జతను రంగు కోసం పారేయక్కర్లేదు. ఆ పసుపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఇంట్లోనే చాలావరకు పోగొట్టొచ్చు.

ముందు ఏ పసుపో తేల్చుకోండి

పాత టూత్‌బ్రష్, కొంచెం షాంపూ నీళ్లతో రుద్ది చూడండి. పోతే అది మురికే. మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఎర్ర చెలకల్లో నడిస్తే అంటుకునే రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వస్తుంది. దానికి కింద చెప్పే పద్ధతి పనికిరాదు. కడిగి ఆరబెట్టాక గుడ్డ భాగంలో పసుపు చారలు కనిపిస్తే అది సరిగ్గా పోని డిటర్జెంట్. మంచి నీళ్లతో మళ్లీ బాగా జాడించి, తెల్ల టిష్యూ పేపర్ చుట్టి నీడలో ఆరబెట్టండి. తడితో పాటు పైకి వచ్చే మరకను ఆ పేపరే పీల్చుకుంటుంది.

ఎంత రుద్దినా సోల్ రంగు మారకపోతే అది ఆక్సిడేషన్. అంటే పైన ఏదో అంటుకోలేదు, మెటీరియలే మారింది. ఎండలోని యూవీ కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి రబ్బరు, పాలీయూరిథేన్ అణువులను మార్చేస్తాయి. మారిన అణువులు నీలి కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి మన కంటికి పసుపు కనిపిస్తుంది. మీ ఫోన్ ట్రాన్స్‌పరెంట్ కేస్ పసుపెక్కేదీ దాదాపు ఇలాగే.

పెరాక్సైడ్ ఏం చేస్తుంది?

1818లో థెనార్డ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త కనిపెట్టిన హైడ్రోజన్ పెరాక్సైడే ఇక్కడ మందు. యూవీ తగిలితే ఇది విడిపోయి, రంగునిచ్చే ఆ బంధాలను తెంపేస్తుంది. పాత కంప్యూటర్లు, గేమ్ కన్సోళ్ల ప్లాస్టిక్‌ను తెల్లగా చేసే రెట్రోబ్రైట్ పద్ధతి కూడా ఇదే.

నేను ఫాలో అయ్యే పద్ధతి

1. లేసులు తీసి, బూట్లు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. రంగు ఉన్న భాగాలకు, లెదర్‌కు మాస్కింగ్ టేప్ వేయండి.
2. జుట్టుకు రంగు వేసేటప్పుడు వాడే క్రీమ్ డెవలపర్ తీసుకోండి. 20 వాల్యూమ్ అంటే 6 శాతం పెరాక్సైడ్, 40 వాల్యూమ్ అంటే 12 శాతం. 20తో మొదలుపెట్టండి. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పనిసరి.
3. సోల్‌కు అంతటా సమానంగా పూయండి. ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉంటే మచ్చలు పడతాయి.
4. క్రీమ్ ఆరిపోకుండా వంటింట్లో వాడే పల్చటి క్లింగ్ ఫిల్మ్ చుట్టండి.
5. ఎండలో పెట్టి, అరగంటకోసారి తిప్పుతూ ఉండండి. రెండు మూడు గంటల తర్వాత కడిగి చూడండి. చాలకపోతే ఇంకోసారి చేయండి.

మే నెల మధ్యాహ్నం వద్దు

ఎండ ఎంత ఎక్కువైతే అంత మంచిది కదా అనిపిస్తుంది. కానీ మనకు కావాల్సింది యూవీ, వేడి కాదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. డాబా మీద సిమెంటు అంతకన్నా ఎక్కువ కాలుతుంది. ఆ వేడికి సోల్‌ను పట్టి ఉంచే గమ్ము వదిలేస్తుంది, ఫోమ్ ముడుచుకుపోతుంది. అందుకే వేసవిలో పొద్దున 8 నుంచి 10 లోపు చేయండి. చలికాలం ఎండ అయితే ఇంకా సేఫ్, కాకపోతే టైమ్ కాస్త ఎక్కువ పడుతుంది.

ఇవి మాత్రం చేయకండి

బ్లీచ్ వాడితే కొన్ని సింథటిక్ మెటీరియల్స్ ఇంకా పసుపెక్కుతాయి. అందులో వెనిగర్, నిమ్మరసం కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. ఇదే పద్ధతి కీబోర్డు మీద ట్రై చేయాలంటే కీక్యాప్స్ విడిగా తీసి చేయండి. బ్యాటరీ, సర్క్యూట్ ఉన్న దేన్నీ క్రీమ్ పూసి ఎండలో పెట్టొద్దు. ఫోన్ కేస్‌కు మాత్రం దీన్ని నమ్ముకోకండి. పసుపు లోపలి దాకా ఉంటుంది కాబట్టి కొత్తది కొనడమే నయం.

చివరిగా ఒక మాట: ఇది పర్మనెంట్ కాదు. ఎండ, గాలి తగిలితే పసుపు మళ్లీ వస్తుంది. కడిగాక బూట్లను నీడలో ఆరబెట్టి, కిటికీ ఎండ పడని చోట పెట్టుకుంటే మాత్రం ఆ తెలుపు ఎక్కువ రోజులు నిలుస్తుంది.