ఊరి వార్తకు కూలి ఎవరిస్తారు?

ఒకప్పుడు సాయంత్రం నాలుగు దాటితే మండల విలేకరి బస్టాండ్‌లో ఉండాల్సిందే. చేతిలో గోధుమరంగు కవరు, దాని మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో ‘ప్రెస్ - అర్జంట్’. జిల్లా కేంద్రానికి పోయే ఆర్టీసీ బస్సు రాగానే డ్రైవర్ చేతిలో పెట్టి, ‘‘అన్నా, మర్చిపోవద్దు, ఇయ్యాల పెద్ద వార్త ఉంది’’ అని ఓ మాట చెప్పాలి. ఆ పెద్ద వార్త ఊరచెరువు కట్టకు బుంగ పడటం కావచ్చు. యూరియా కోసం సొసైటీ ముందు రైతులు చెప్పులు వరసలో పెట్టి చెట్టు నీడన కూర్చోవడం కావచ్చు. అవతల జిల్లా బస్టాండ్‌లో పత్రిక ఆఫీసు కుర్రాడు కాచుకుని ఉండేవాడు. దారిలో బస్సు టైరు పంచరైతే మర్నాటి పేపర్లో ఆ మండలంలో ఏమీ జరగనట్టే.

తర్వాత ఫ్యాక్స్ వచ్చింది. మోడెమ్ వచ్చింది, మెయిల్ వచ్చింది. ఇప్పుడు వాట్సాప్‌లో కన్ను మూసి తెరిచేలోగా వార్త డెస్క్‌కు చేరుతుంది. కవరు కష్టం పోయింది. ఆ కవరు మోసినవాడి బతుకుతెరువు కూడా మెల్లగా పోతోంది. పత్రికలు తగ్గిపోతున్నాయని బాధపడే మాటలు చాలా విన్నాం. ఈ కథ పత్రిక గురించి కాదు, దాని అడుగు మెట్టు మీద నిలబడ్డ ఆ మనిషి గురించి.

ఆయన ఆదాయం లెక్క బయటివాళ్లకు ఎప్పుడూ సరిగా తెలియదు. అచ్చయిన వార్తలకు కొలత ప్రకారం డబ్బిచ్చే పద్ధతిని లైన్ అకౌంట్ అంటారు. నెలాఖరున తన వార్తలన్నీ కత్తిరించి తెల్లకాగితాల మీద అంటించి, స్కేలు పెట్టి కొలిచి పంపేవాళ్లు. డెస్క్‌లో సబ్ ఎడిటర్ ఒక పేరా ఎత్తేస్తే వార్తకు పదును వచ్చేదేమో గానీ విలేకరికి ఆ మేరకు కూలి తెగేది. వచ్చే మొత్తం పెట్రోలుకు చాలితే గొప్ప. ఉద్యోగులైన జర్నలిస్టులకు మజీఠియా వేజ్‌బోర్డు ఉంది. దాని సిఫార్సులను 2011లో కేంద్రం నోటిఫై చేసింది, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ మాట లైన్ అకౌంట్ వాళ్ల గడప దాకా రాలేదు.

మరి ఎలా బతికాడు? యాడ్స్ కమీషన్ మీద. ఆగస్టు 15, జనవరి 26, సంక్రాంతి, ఉగాది, ఎమ్మెల్యేగారి పుట్టినరోజు. పండగ పండగకూ ఒక టార్గెట్. సర్పంచ్, రేషన్ డీలర్, ఎరువుల కొట్టు, ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్, వైన్ షాపు. పొద్దున ఎవరి మీద వార్త రాయాలో, మధ్యాహ్నం వాళ్ల దగ్గరికే వెళ్లి శుభాకాంక్షల ప్రకటన అడగాలి. ఈ ఏర్పాటులో నిజాయితీగా నిలబడటం కత్తి మీద సామే. నిలబడ్డవాళ్లూ ఉన్నారు, జారినవాళ్లూ ఉన్నారు. బండి మీద ‘ప్రెస్’ అని రాయించుకుని, రాయకుండా ఉండటానికే డబ్బు తీసుకున్నవాళ్లనూ మన ఊళ్లు చూశాయి. పాత రోజులన్నీ పాలవెల్లువ అనుకునే వ్యామోహం నాకు లేదు.

అయితే ఆ లొసుగుల ఏర్పాటే తెలుగు నేలను చాలా మార్చింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలైనప్పుడు తెల్లారకముందే పేపరు గుమ్మంలో పడటం ఒక వింత. 1989లో జిల్లాకో చిన్నసైజు అనుబంధం మొదలయ్యాక అసలు మలుపు వచ్చింది. అంతదాకా మద్రాసు, విజయవాడ, హైదరాబాదుల వార్తలు చదివిన మనిషి ఒక్కసారిగా తన మండలం పేరు అచ్చులో చూసుకున్నాడు. భారతీయ భాషా పత్రికల ఎదుగుదల మీద పుస్తకం రాసిన ఆస్ట్రేలియా పరిశోధకుడు రాబిన్ జెఫ్రీ ఈ తెలుగు ప్రయోగాన్ని ప్రత్యేకంగా పట్టించుకున్నాడు. ఊరి వార్త వస్తే ఊళ్లో పేపరు కొంటారు. ఊళ్లో పేపరు కొంటే ఊరి కొట్టువాడు కూడా యాడ్ ఇస్తాడు. ఇంత చిన్న సూత్రం మీద అంత పెద్ద మేడ లేచింది.

ఆ మేడ ఏం చేయగలదో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ కథ వాచకంలో పాఠమై పక్క ఊళ్లకు పాకింది. 1992లో సారా వ్యతిరేక పోరాటానికి ‘ఈనాడు’ ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. ఈ ఊరి ఆడవాళ్లు ఏం చేశారో ఆ ఊరి ఆడవాళ్లు పొద్దున్నే చదివించుకుని విన్నారు. 1993 అక్టోబరులో సారాపై నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. ఆ ఆడవాళ్ల తెగువ లేకుంటే పేజీ లేదు, నిజమే. కానీ ఊరూరా ఒక విలేకరి లేకుంటే ఆ పేజీ నింపేదెవరు?

ఇక డబ్బు సంగతి. పాఠకుడు ఇచ్చే ధర పేపరు తయారీ ఖర్చులో కొంతే. మిగతాదంతా ప్రకటనల బరువు మీద నడిచింది. ఊరి వార్తకు మనం ఎన్నడూ నేరుగా డబ్బు కట్టలేదు. మన తరఫున పెళ్లి సంబంధాల ప్రకటనలు, టెండర్ నోటీసులు, ఇళ్ల అద్దె ప్రకటనలు కట్టాయి. అవి ఒక్కొక్కటే లేచిపోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే టెండర్లు ఆన్‌లైన్ దారి పట్టాయి. పెళ్లి సంబంధాలు మ్యాట్రిమోనీ సైట్లకు పోయాయి. ప్రకటనలే కాదు, పేపరు అవసరాలు కూడా తరిగాయి. పదో తరగతి ఫలితాల రోజు పేపర్లో చీమల బారుల్లా హాల్‌టికెట్ నంబర్లు, ఏజెంట్ ఇంటి ముందు పిల్లల గుంపు, అందులో ఒకడు వేలు పెట్టి వెతుకుతుంటే మిగతావాళ్లు ఊపిరి బిగబట్టడం. ఆ దృశ్యం తెలియని తరం ఇప్పుడు పిల్లల్ని కని పెంచుతోంది. కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ఫొటోలూ శ్రద్ధాంజలి ప్రకటనలూ మాత్రం ఇంకా పేపర్నే నమ్ముకున్నాయి. గొప్ప చెప్పుకోవడానికీ ఏడవడానికీ మనకు అచ్చు కావాలి.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. అదే ఏడాది నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు. రెండు నెలల తేడాతో ఒకటి జనం చేతిలో చవక డేటా పెట్టింది, ఇంకోటి బజారులో నగదు లాగేసింది. మండల విలేకరికి ఈ రెండూ ఒకే దెబ్బ. పండగ యాడ్ ఇచ్చే ఎరువుల కొట్టాయన ‘‘ఈసారి వదిలెయ్యి తమ్ముడూ’’ అన్నాడు. మరుసటి పండక్కి తన కొట్టు ముందు దిగిన ఫొటోకు రంగుల అక్షరాలు చేర్పించి, ఊరి వాట్సాప్ గ్రూపులో తనే శుభాకాంక్షలు పెట్టుకున్నాడు. ఖర్చు సున్నా. అందరూ చూశారు కూడా.

2019 బడ్జెట్లో న్యూస్‌ప్రింట్ దిగుమతిపై పది శాతం సుంకం పడింది, మరుసటి ఏడాది బడ్జెట్లో అయిదుకు దించారు. అంతలో 2020 మార్చి లాక్‌డౌన్. కాగితం తాకితే కరోనా వస్తుందన్న భయంతో అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గరే పేపర్ బాయ్‌ని ఆపేశారు. ఒకసారి మానేసిన అలవాటు చాలా ఇళ్లలో తిరిగి రాలేదు. ‘ఆంధ్రభూమి’ దినపత్రిక ముద్రణ ఆ లాక్‌డౌన్‌తోనే ఆగింది. దశాబ్దాల సాహిత్య మాసపత్రికలు ‘చతుర’, ‘విపుల’ 2021లో సెలవు తీసుకున్నాయి. జిల్లా టాబ్లాయిడ్లు చాలాచోట్ల మెయిన్ పేపర్లో రెండు మూడు పేజీలుగా కుదించుకుపోయాయి. విచిత్రం ఏమంటే, ఇదే కాలంలో జిల్లాలు పెరిగాయి. తెలంగాణలో పది ముప్పై మూడయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. కలెక్టర్లు రెట్టింపు, వాళ్లేం చేస్తున్నారో రాసే చోటు సగం. ఆ 2022లోనే పక్కనున్న శ్రీలంకలో ‘ది ఐలాండ్’, ‘దివయిన’ పత్రికలు కాగితం దొరక్క ముద్రణ ఆపుకున్నాయి. మనకు కాగితం దొరికింది, కొనేవాళ్లే కరువయ్యారు.

ఇంట్లో లెక్క ఎలా మారిందో చూడండి. అప్పట్లో నెలకు పేపరు బిల్లు రెండొందల చిల్లర. ఫోను రీఛార్జి దాదాపు అంతే, కాకపోతే ఫోను కంపెనీల నెలకు 28 రోజులే కాబట్టి ఏడాదికి పదమూడుసార్లు. జీతం కోత పడ్డ ఇల్లాలు ఏది ఆపుతుంది? ఫోనులో పిల్లాడి క్లాసు ఉంది, గ్యాస్ బుకింగ్ ఉంది, కూరలవాడికి ఫోన్‌పే ఉంది, దుబాయ్‌లో ఉన్న భర్త మొహం ఉంది. పేపర్లో వార్తలు మాత్రమే ఉన్నాయి. ఆమె పేపరు ఆపేసింది సమాచారం వద్దనుకుని కాదు. ఒక రూపాయితో నాలుగు పనులయ్యే చోటికి రూపాయిని మళ్లించింది. దాంతో రెండు నెలలకోసారి పాత పేపర్లు తూకానికి వేసి బిల్లులో కొంత రాబట్టుకునే ఆనవాయితీ కూడా పోయింది.

ఈ కరువులో ప్రభుత్వాల డబ్బుకు విలువ పెరిగింది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు విస్తృత ప్రచారం ఉన్న దినపత్రిక కొనుక్కోమని నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. ఆ ఉత్తర్వు అప్పటి ముఖ్యమంత్రి కుటుంబ పత్రికకు లాభం చేసేలా ఉందంటూ ‘ఈనాడు’ యాజమాన్యం కోర్టుకెళ్లింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు పంపింది. ఎవరి వాదన ఎలా ఉన్నా, నెలకు రెండొందల పేపరు బిల్లు గురించి తెలుగు పత్రికలు దేశంలోని అత్యున్నత న్యాయస్థానం మెట్లెక్కాయంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు మళ్లీ మన విలేకరి దగ్గరికి. ఆయన ఫోనులో నూట ఇరవై గ్రూపులు. పోలీసు స్టేషన్ గ్రూపు, ఎంపీడీవో గ్రూపు, రెండు పార్టీల గ్రూపులు. వార్త కోసం బయటికి వెళ్లనక్కర్లేదు, ఎవరికి కావలసింది వాళ్లే రాసి, ఫొటోతో సహా పంపేస్తారు. పేరు మార్చి డెస్క్‌కు ఫార్వర్డ్ చేస్తే సరి. కొందరు సొంతంగా యూట్యూబ్ ఛానెల్ పెట్టుకున్నారు. ప్రెస్‌మీట్‌లో బల్ల మీద లోగోల మైకులు అరటిగెలలా కనబడేది అందుకే. ఇంకొందరు పీడీఎఫ్ పేపర్లు నడుపుతున్నారు. అచ్చు పేపరు లాగే మాస్ట్‌హెడ్, ఎడిషన్, పేజీ నంబర్లు అన్నీ ఉంటాయి, కాగితం ఒక్కటే ఉండదు. ఎస్సెమ్మెస్‌లు పంపే సైటుగా మొదలైన హైదరాబాదు కంపెనీ వే2న్యూస్ ఊరి వార్తల్ని నాలుగు వాక్యాల్లో ఫోనుకు చేరవేస్తోంది.

ఇందులో మంచి లేదనను. ఒకప్పుడు ఎస్సీ కాలనీకి మంచినీళ్లు రాకపోతే ఆ వార్త డెస్క్ బుట్టలోకి పోవడానికి వంద కారణాలుండేవి. ఇప్పుడు ఆ కాలనీ కుర్రాడే ఖాళీ కుళాయి వీడియో తీసి పెడుతున్నాడు, సాయంత్రానికి ట్యాంకర్ వస్తోంది. ఆ తలుపు తెరిచింది ఫోనే. అయితే కుళాయి వీడియోకు చూపులొస్తాయి, మండల సర్వసభ్య సమావేశానికి రావు. మూడు గంటలు కూర్చుని, ఏ పనికి ఎంత బిల్లు పాసైందో రాసుకుని, కాంట్రాక్టరు ఎవరి బావమరిదో తెలుసుకుని, అవతలి పక్షం వివరణ కూడా తీసుకుని రాసే పనికి వ్యూస్ లెక్కన రూపాయి రాదు. ‘‘ఎమ్మార్వో ఏమన్నాడో రాయలేదేంటి?’’ అని రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి చివాట్లు పెట్టే సబ్ ఎడిటర్ పీడీఎఫ్ పేపరుకు ఉండడు. ఆ చివాట్ల ఖర్చు కూడా ఒకప్పుడు పెళ్లి సంబంధాల ప్రకటనలే భరించాయి.

సోమవారం పూట ఏదైనా కలెక్టరేట్ దగ్గర ఓ గంట నిలబడండి. అర్జీలతో వచ్చినవాళ్లలో పెద్దవాళ్ల చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పాసుపుస్తకం నకలు, దానికి పిన్ను కొట్టిన పేపర్ కటింగ్, పసుపు పట్టి మడతల దగ్గర చిరుగుతూ. పాతికేళ్లనాటి కటింగ్‌ను లామినేషన్ చేయించి దాచుకున్నవాళ్లూ ఉంటారు. తమ గోడు ఒకసారి అచ్చయిందని చెప్పడానికి అదే సాక్ష్యం.

మొన్నో రోజు లైన్లో ఓ నడివయసు రైతు ఫోను తీసి గుమాస్తాకు చూపించాడు. తన పొలం హద్దుల తగాదా మీద ఓ పీడీఎఫ్ పేపర్లో వచ్చిన వార్త. గుమాస్తా తెర వంక చూసి, ‘‘ఇది ఫైల్లో ఎట్ల పెట్టాలె పెద్దాయనా, ప్రింట్ తీస్కరా’’ అన్నాడు. ఆయన రోడ్డు దాటి జిరాక్స్ సెంటర్‌కు వెళ్లాడు. అక్కడి కుర్రాడికి ఇది రోజూ ఉండే పనే. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపించుకుని, ఆ ఒక్క వార్త వరకే కత్తిరించి పెద్దది చేసి, పైన పేపరు పేరు కూడా కనబడేలా సర్ది, ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి ఇచ్చాడు. రైతు పది రూపాయలిచ్చి, సిరా ఆరిందో లేదో వేలితో తడిమి చూసుకుని, మళ్లీ లైన్లోకి వెళ్లి నిలబడ్డాడు.