పాఠం ఫోన్లో.. ప్రాక్టీస్ క్లాసులో!

2020 డిసెంబరు మొదటి వారం గుర్తుందా? ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. రోజుల్లోనే వందల మంది ప్రభుత్వాసుపత్రికి చేరారు. కేసు మీద కేసు వస్తుంటే నోట్సు తిరగేసే టైమ్ ఏ నర్సుకీ ఉండదు.

పేషెంటుని పక్కకి తిప్పాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, అదిమి పట్టుకోకూడదు. ఎన్ని నిమిషాలైందో చూసుకోవాలి, అయిదు దాటితే ఎమర్జెన్సీ. చదవడానికి ఇంతే. చేతికి రావాలంటే మాత్రం పదిసార్లు చేయాల్సిందే. గంటంతా లెక్చర్ రాసుకుంటూ కూర్చుంటే అదెప్పుడు చేస్తారు?

అమెరికాలో కొలరాడోలోని ఓ హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే కెమిస్ట్రీ మాస్టార్లు 2007లో, క్లాసు మిస్సయ్యే పిల్లల కోసం పాఠాలు రికార్డు చేశారు. తర్వాత పద్ధతినే తిరగేశారు. పాఠం ఇంట్లో, హోంవర్క్ క్లాసులో. అదే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్. నర్సింగ్‌కి ఇది ఇంకా బాగా అతుకుతుంది.

కొల్లేరు మధ్యలో పెద్దింట్లమ్మ గుడి ఉన్న లంక ఊరు కొల్లేటికోట తెలుసుగా. అక్కడి అమ్మాయి ఏలూరులో బీఎస్సీ నర్సింగ్ చదువుతోందనుకోండి. ఆదివారం ఇంట్లో ఫిట్స్ వీడియో చూస్తోంది. పక్కనుంచి నానమ్మ, ''తాళాల గుత్తి చేతిలో పెడితే సరిపోద్ది కదే!'' అంటుంది. సోమవారం ఆ మాటతోనే క్లాసుకి వస్తే? ఒకరు పేషెంటు, ఒకరు నర్సు, ఒకరి చేతిలో స్టాప్‌వాచ్, ఒకరు తాళాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చే నానమ్మ! చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, పేరు తాళాలకి వస్తుంది. ఆ సంగతి పెద్దావిడ నొచ్చుకోకుండా చెప్పడం కూడా నర్సింగే. లెక్చర్లో కునుకు తీసేవాళ్లు కూడా ఇక్కడ నిద్రపోరు.

సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి ఒక మాట. 'వీడియో చూశారు' అనే టిక్‌ని నమ్మకండి. మా ఫీల్డులో ట్రైనింగ్ వీడియోలు మ్యూట్‌లో పరుగెడుతుంటాయి, చివర్లో సర్టిఫికెట్ కూడా వచ్చేస్తుంది. క్లాసు మొదట్లో మూడు ప్రశ్నలడిగితే తేలిపోతుంది. వీడియో పది నిమిషాలు మించకూడదు, హాస్టల్ వైఫైలో డౌన్‌లోడ్ చేసుకునేలా సైజు తక్కువుండాలి. అందరి దగ్గరా డేటా ఉండదు కదా.

అసలు చిక్కు టైమ్‌టేబుల్‌తో. వీడియో ఇచ్చి, మళ్లీ అదే లెక్చర్ క్లాసులోనూ చెబితే, వార్డు డ్యూటీ ముగించుకుని కాళ్లు పీకుతూ హాస్టల్‌కొచ్చిన పిల్లకి అది ఓవర్‌టైమ్. ఆ గంట లెక్చర్ టైమ్‌టేబుల్లోంచి పూర్తిగా తీసేయాలి.