కొండ మీద వాన, గెడ్డలో నీరు – ముందుగా తెలుసుకోవడం ఎలా?

వానాకాలంలో మన కొండ ప్రాంతపు సంఘాలకు ఏటా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పితికిన పాలు వేళకు కేంద్రానికి చేరాలి. దారిలో గెడ్డ పొంగుతుంది. దాటవచ్చునా, ఆగాలా అన్నది చాలా చోట్ల కంటి అంచనాతోనే తేలుతుంది. నీరు ఎంత వస్తుందో ముందుగా లెక్కకట్టే పద్ధతులు నేడు ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో, ఎంతవరకు ఉపయోగపడతాయో సభ్యులు తెలుసుకోవడం అవసరం.

వాన లెక్క

ఒక చదరపు కిలోమీటరు నేలపై ఒక సెంటీమీటరు వాన పడితే అది కోటి లీటర్ల నీరు. 40 లీటర్ల పాల క్యాన్లలో నింపితే రెండున్నర లక్షల క్యాన్లు కావాలి. ఈ నీరంతా గెడ్డలోకి రాదు. నేల ఎండి, చెట్టూ చేమా దట్టంగా ఉంటే చాలా భాగం ఇంకిపోతుంది. నాలుగు రోజుల ముసురుకు నేల నాని ఉంటే ఎక్కువ భాగం వాలు వెంట పరుగెత్తుతుంది. అందుచేత జూన్‌లో మోకాలి లోతు తెచ్చిన వానే ఆగస్టులో నడుము లోతు తేవచ్చు.

మూడు లెక్కలు కలిపితేనే జవాబు

శాస్త్రజ్ఞులు కంప్యూటరుపై ముఖ్యంగా మూడు లెక్కలు వేస్తారు. మొదటిది, ఎక్కడ ఎంత వాన పడుతుంది? రెండవది, అందులో ఎంత ఇంకి, ఎంత పారుతుంది? మూడవది, పారిన నీరు ఏ వేళకు ఏ ఊరు చేరి ఎంత ఎత్తున నిలుస్తుంది? ఒక లెక్క జవాబు తరువాతి లెక్కకు ఆధారం. జలాశయాల గేట్ల నుండి వదిలే నీటిని కూడా ఇందులో కలుపుతారు. మొదట తప్పు దొర్లితే అది చివరి వరకు పోతుంది. కనుక నదిలో నిజంగా కొలిచిన మట్టంతో ఎప్పటికప్పుడు సరిచూస్తారు.

మన నీటికి ఈ కలిపిన లెక్క ఎందుకు కావాలో చూడండి. ముంచింగిపుట్టు, పెదబయలు వైపు నీరు మాచ్‌ఖండ్ నదిలో చేరుతుంది. జలాపుట్, బలిమెల జలాశయాలు దాటి, సీలేరుగా శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. గోదావరి బాగా పొంగి ఉంటే శబరి నీరు అందులోకి దిగలేక వెనక్కు ఎగదన్నుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు కూనవరం, చింతూరు ప్రాంతాలకు ఈ కష్టమే వచ్చింది. 1986 ఆగస్టులో అక్కడి మట్టం 75.6 అడుగులు. శబరి ఒడ్డున ఉన్నవారు శబరి వాన ఒక్కటే చూసుకుంటే చాలదు.

పెద్ద నది వేరు, గెడ్డ వేరు

కేంద్ర జల సంఘం 1958లో ఢిల్లీ వద్ద యమునా నదిపై వరద సూచనలు ప్రారంభించింది. నేడు గోదావరికి కూడా ఇస్తున్నది. భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగులకు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు ఉన్నాయి. పెద్ద నదిలో నీరు దూరం నుండి నడిచి రావాలి కనుక సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

మన గెడ్డలో అంత వ్యవధి లేదు. పై కొండపై కురిసిన వాన గంట రెండు గంటల్లో కిందికి దిగవచ్చు. ఇటువంటి ఆకస్మిక వరదల కోసం భారత వాతావరణ శాఖ 2020లో వేరే సూచనలు ప్రారంభించింది. వానను, నేల తడిని కలిపి చూసి రాబోయే 6 గంటలకు, 24 గంటలకు ముప్పు ఉన్న ప్రాంతాలను అది చెబుతుంది. అయితే ప్రాంతాన్ని చెబుతుందే గాని, మీ దారిలోని గెడ్డ లోతును చెప్పదు. ఆ చివరి లెక్క సంఘమే వేసుకోవాలి.

సంఘాలు చేయవలసిన పనులు

1. దాటే చోట గట్టి రాటకు గాని, బండకు గాని అడుగుల గుర్తులు వేయండి. దాటరాని మట్టాన్ని వానలకు ముందే సమావేశంలో నిర్ణయించి ఎర్ర గీత గీయండి.

2. అంచులు నిటారుగా ఉన్న డబ్బాను ఆరుబయట ఉంచి, రోజూ ఉదయం వానను స్కేలుతో కొలిచి పుస్తకంలో రాయండి. పక్కనే గెడ్డ మట్టం రాయండి. రెండు మూడేళ్లలో మీ గెడ్డ స్వభావం ఆ పుస్తకంలో కనబడుతుంది.

3. పై ఊరి సంఘం కార్యదర్శితో ఫోనులో మాట్లాడుకునే ఏర్పాటు చేసుకోండి. మీ ఊళ్లో ఎండ ఉన్నా పైన కుండపోత కురుస్తూ ఉండవచ్చు.

4. నీరు ఉన్నట్టుండి బురదరంగు తిరిగినా, ఆకులు పుల్లలు కొట్టుకు వచ్చినా, హోరు పెరిగినా వెంటనే గట్టెక్కండి.

5. హెచ్చరిక ఉన్న రాత్రి పశువులను గెడ్డ ఒడ్డున కట్టవద్దు. మెట్టకు తోలండి. గడ్డిని కూడా ఎత్తున వేయండి.

6. ఎర్ర గీత మునిగిన పూట పాలు పంపవద్దు. కాచి తోడు వేసుకోండి.

ఒక పూట పాల డబ్బు పోవడం చిన్న సంసారానికి కష్టమే. కాని ఆ లోటు మరునాటి పాలతో పూడుతుంది. గెడ్డలో పోయిన మనిషి లోటు ఏ పాలతోనూ పూడదు. కాబట్టి ఈ వానాకాలానికి ముందే ఎర్ర గీత గీయించండి.