బండిలోని దండెం ఎందుకు వంగుతుంది?

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఎమ్మిగనూరు చేనేతకు, ఆదోని పత్తికి, బట్టల వ్యాపారానికి చిరకాలంగా పేరుపొందిన ఊళ్లు. 1938లో మాచాని సోమప్ప చొరవతో ఏర్పడిన చేనేత సహకార సంఘం ఎమ్మిగనూరు బట్టకు దూరప్రాంతాలలో కూడ పేరు తెచ్చింది. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఆదోనిలో టోకున బట్టలు కొని, చిన్న వ్యానులో వేసుకొని, చుట్టుపట్ల సంతలలోను, జనవరిలో ఎమ్మిగనూరులో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతరలోను అమ్ముకొనే ఒక చిల్లర వర్తకుణ్ణి ఊహించుకొందాము.

అతని వ్యానులో ఈ పక్క గోడ నుండి ఆ పక్క గోడకు ఒక ఇనుప గొట్టం దండెంగా అమర్చి ఉంటుంది. దానికి చొక్కాలు, పరికిణీలు, చుడీదార్లు హ్యాంగర్లతో వరుసగా తగిలించి ఉంటాయి. బండి బయలుదేరేటప్పుడు దండెం తిన్నగానే కనిపిస్తుంది. గతుకుల దారిలో కొన్నాళ్లు తిరిగేసరికి నడుమ కుంగుతుంది. ఒకనాడు ఒక పెద్ద గుంతలో చక్రం పడగానే దండెం కొస ఊడి, సరకంతా బండి అడుగున పడుతుంది. మట్టి అంటిన కొత్త బట్టకు కొత్త బట్ట ధర ఎవరిస్తారు? సరకు అప్పు మీద తెచ్చినదైతే ఆ నష్టం మరీ బరువు.

ఈ చిక్కు ఒక్క చిల్లర వర్తకునిది మాత్రమే కాదు. పడక, వంటగది, బట్టల అలమర అన్నీ లోపలే ఉండే పెద్ద విహారపు బండ్లలో విదేశాలవారు నెలల తరబడి ప్రయాణిస్తారు. ఆ బండ్ల అలమరలలోని దండేలు కూడ ఇదే విధంగా కుంగి ఊడిపోతుంటాయి. బండి చిన్నదైనా పెద్దదైనా దండేనికి వర్తించే సూత్రాలు ఒక్కటే. వాటిని తెలుసుకొంటే మరమ్మతు ఎక్కడ చేయవలెనో తెలుస్తుంది.

వంగినప్పుడు లోపల జరిగేది

దండెం నడుమ కిందికి కుంగినప్పుడు దాని పైభాగం కుదించుకొంటుంది, కింది భాగం సాగుతుంది. పైన సంపీడనం, కింద తన్యత. ఈ రెంటికి నడుమ సాగని, కుదించుకొనని పొర ఒకటి ఉంటుంది. దానిని తటస్థ తలం అంటారు. ఒక రబ్బరు ముక్క పక్కన నిలువు గీతలు గీచి, దానిని వంచి చూడండి. గీతలు ఒక అంచున దగ్గరవుతాయి, రెండవ అంచున దూరమవుతాయి, నడుమ మాత్రం ఎడం మారదు.

దీనిని బట్టి ఒక ముఖ్యవిషయం తేలుతున్నది. వంగడాన్ని ఎదిరించే పనిలో పై అంచు, కింది అంచు ఎక్కువ శ్రమ పడతాయి. నడుమ ఉన్న పదార్థం దాదాపు ఊరకనే ఉంటుంది. కాబట్టి నడుమ ఉన్న లోహాన్ని తీసి అంచులకు చేరిస్తే, అంతే లోహంతో మరింత గట్టి దండెం తయారవుతుంది. గొట్టం అంటే అదే. వెదురు, జొన్న దంటు, పక్షి ఎముక కూడ ఈ పద్ధతిలో ఏర్పడినవే. అంతే బరువుగల నిండు కడ్డీ కంటె బోలు గొట్టం బలమైనదని గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో చర్చించాడు.

లెక్క చూడండి. వెలుపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 22 మిల్లీమీటర్లు గల గొట్టం తీసుకొందాము. అంతే లోహంతో నిండు కడ్డీ చేస్తే దాని వ్యాసం 12 మిల్లీమీటర్లు కూడ ఉండదు. గుండ్రని కడ్డీ వంగకుండ నిలిచే గుణం దాని వ్యాసపు నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుంది. గొట్టానికైతే వెలుపలి వ్యాసపు నాలుగవ ఘాతం నుండి లోపలి వ్యాసపు నాలుగవ ఘాతాన్ని తీసివేయవలెను. లెక్కకడితే ఈ గొట్టం ఆ కడ్డీ కంటె దాదాపు 8 రెట్లు బిగువుగా ఉంటుంది.

పొడవే అసలు శత్రువు

దండెం వంగితే అందరికీ మొదట తోచేది లావైన దండెం వేయడం. అయితే లావుకంటె ముందు చూడవలసినది పొడవు.

రెండు పుస్తకాల దొంతరల మీద ప్లాస్టిక్ కొలబద్దను వంతెనలాగ ఉంచండి. దొంతరల మధ్య ఎడం 10 సెంటీమీటర్లు ఉన్నప్పుడు నడుమ ఒక చిన్న బరువు వేలాడదీసి కుంగుదలను కొలవండి. తరువాత ఎడాన్ని 20 సెంటీమీటర్లకు పెంచి అదే బరువు వేలాడదీయండి. పొడవు 2 రెట్లు కాగా కుంగుదల 8 రెట్లు అవుతుంది. కుంగుదల పొడవు ఘనాన్ని అనుసరించడమే దీనికి కారణం.

దండెం విషయంలో మరొక మెలిక ఉన్నది. దండెం పొడుగైతే దానిమీద బట్టలు కూడ ఎక్కువవుతాయి. పొడవు 2 రెట్లయితే బరువు కూడ 2 రెట్లు. అప్పుడు కుంగుదల 8 రెట్లు కాదు, 16 రెట్లు అవుతుంది.

నిలిచిన బండి, కదిలే బండి

ముందు చెప్పిన ఇనుప గొట్టాన్నే 1.5 మీటర్ల దండెంగా వేసి, 40 కిలోల బట్టలు సమంగా తగిలించినామనుకొందాము. కొసలు ఊరక ఆనించి ఉంటే, బండి నిలిచి ఉండగా నడుమ కుంగుదల సుమారు 11 మిల్లీమీటర్లు. గొట్టం అంచులలో కలిగే ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు దాదాపు 120 న్యూటన్లు. సాధారణపు మెత్తని ఉక్కు సుమారు 250 న్యూటన్ల వరకు తట్టుకొని, బరువు తీయగానే మళ్లీ తిన్నగా అవుతుంది. ఆ హద్దు దాటితే వంపు శాశ్వతంగా నిలిచిపోతుంది. 120కి, 250కి మధ్య చాల ఎడం ఉన్నది కదా అనిపించవచ్చును.

కాని బండి నిలిచి ఉండదు. చక్రం గుంతలో దిగి పైకి ఎగిరినప్పుడు బండితోపాటు దండెం పైకి లేస్తుంది. బట్టలు జడత్వం వల్ల వెనుకబడి దండేన్ని కిందికి లాగుతాయి. ఆ పైకి లేచే త్వరణం గురుత్వ త్వరణంతో సమానమైతే, 40 కిలోల బట్టలు ఆ క్షణంలో 80 కిలోల బట్టలవలె బరువు వేస్తాయి. ప్రతిబలం 240కి చేరుతుంది. హద్దుకు అది వెంట్రుకవాసి దూరం. గుంత మరికొంత లోతైతే హద్దు దాటుతుంది. ప్రతి గుంతలోను కొద్దికొద్దిగా మిగిలిపోయిన వంపులే కూడుకొని, చివరకు కంటికి కనిపించే కుంగుదల అవుతాయి.

కుంగుదలతో మరొక అపాయం కూడ కలదు. దండెం విల్లులాగ వంగితే దాని కొసలు లోపలికి జరుగుతాయి. దానికి తోడు గతుకులలో బండి చట్రం మెలితిరిగి గోడల మధ్య ఎడం కొంచెం పెరిగి, తగ్గుతూ ఉంటుంది. కొసలను పట్టుకొన్న గిన్నెలు లోతులేనివైతే, దండెం విరగకుండానే వాటిలోనుంచి జారిపడుతుంది. విరిగి పడే దండేల కంటె ఊడి పడే దండేలే ఎక్కువగా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

లోపల కర్ర దూర్చితే?

వంగిన గొట్టంలోకి ఒక కర్రను దూర్చడం చాలమంది చేసే మరమ్మతు. ఇది ఎంతవరకు పనిచేస్తుంది? ఉక్కు కర్ర కంటె దాదాపు 18 రెట్లు బిగువైన పదార్థం. పైగా కర్ర ఉండేది తటస్థ తలానికి దగ్గరలో, అనగా శ్రమ తక్కువగా ఉండే చోట. కాబట్టి పైన చెప్పిన ఉక్కు గొట్టంలో మంచి టేకు కర్రను బిగువుగా దూర్చినప్పటికీ బిగువు పెరిగేది నూటికి 8 పాళ్లు మాత్రమే. అదే కొలతల అల్యూమినియం గొట్టంలోనైతే నూటికి 23 పాళ్ల వరకు పెరుగుతుంది. ప్లాస్టిక్ గొట్టంలోనైతే బరువంతా దాదాపు కర్రయే మోస్తుంది. ఉక్కు గొట్టంలో కర్ర వల్ల అసలు ప్రయోజనం వేరు. పలుచని గోడ నొక్కుపడకుండ, బోల్టు బిగించిన చోట గొట్టం చదును కాకుండ అది ఆపుతుంది.

నడుమ ఒక ఆధారం

కర్ర చేయలేని పనిని నడుమ వేసిన ఒక్క ఆధారం చేస్తుంది. బండి కప్పు నుండి ఒక గట్టి ఇనుప కొక్కెం దించి, దండెం నడిమి భాగాన్ని దానిలో కూర్చోబెట్టితే, 1.5 మీటర్ల దండెం 75 సెంటీమీటర్ల రెండు దండేలతో సమానమవుతుంది. గొట్టంలోని ప్రతిబలం నాలుగవ వంతుకు, అనగా 120 నుండి 30కి, దిగుతుంది. కుదుపులో రెట్టింపైనా 60 మాత్రమే. హ్యాంగర్లన్నీ ఒక మూలకు జరిగి పోగుపడకుండ కూడ ఆ కొక్కెం అడ్డుపడుతుంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మూడు ఆధారాల మీద నిలిచిన తెగని దండెంలో నడిమి ఆధారం మోసేది మూడవ వంతు కాదు. మొత్తం బరువులో ఎనిమిదింట ఐదు పాళ్లు దానిమీదనే పడతాయి. 40 కిలోలలో 25 కిలోలు నడిమి కొక్కేనివి, తక్కినవి కొసకు ఏడున్నర చొప్పున. గుంతలో పడినప్పుడు ఆ 25 కిలోలు 50 అవుతాయి. కాబట్టి కొక్కేన్ని కప్పు రేకుకు ఊరక స్క్రూతో బిగించరాదు. రేకు చినిగి కొక్కెం ఊడివస్తుంది. కప్పు కింద అడ్డంగా పోయే ఇనుప కమ్మీకి బోల్టుతో బిగించవలెను. కమ్మీ అందకపోతే రెండు కమ్మీల మధ్య ఒక పట్టీని బిగించి, దానికి కొక్కెం వేయవచ్చును.

మూడు ఆధారాలు ఒకే మట్టంలో ఉండడం కూడ ముఖ్యమే. కొక్కెం 11 మిల్లీమీటర్లు కిందికి ఉంటే, ఆ 40 కిలోల బరువుతో కుంగిన దండెం దానిని ఊరక తాకుతుంది, అంతే. ఐదారు మిల్లీమీటర్లు కిందికి ఉంటే కొక్కెం తన పనిలో సగమే చేస్తుంది. అందువల్ల దండేనికి బట్టలు తగిలించక మునుపే, కొస నుండి కొసకు దారం బిగువుగా లాగి మట్టం చూడవలెను.

మరమ్మతు క్రమం

మొదట వంగిన గొట్టాన్ని పరీక్షించవలెను. నున్నని వంపు మాత్రమే ఉంటే వంపు పైకి వచ్చేటట్లు తిప్పి వాడుకోవచ్చును. నొక్కుపడి మడత ఏర్పడితే దానిని సుత్తితో తిన్నగా చేసి మళ్లీ వాడరాదు. మడతపడిన చోట లోహం అలసి ఉంటుంది. తరువాతి కుదుపులో అక్కడనే లొంగుతుంది. మడత సరిగా నడుమ ఉంటే, ఆ ముక్కను రంపంతో కోసి తీసివేసి, మిగిలిన రెండు ముక్కలను రెండు దండేలుగా వాడుకోవచ్చును. కోసిన కొసలు నడిమి కొక్కెంలో కూర్చొంటాయి. కోతలో పోయిన పొడవుకు సరిపడ కొక్కెం గిన్నె వెడల్పుగా ఉండవలెను. ఈ ఏర్పాటులో నడిమి కొక్కెం మోసేది సగం బరువు. కొత్త గొట్టం ఖర్చు తప్పుతుంది.

పిదప కొసల సంగతి. గిన్నె లోతు కనీసం 25 మిల్లీమీటర్లు ఉండడం మంచిది. ఒక కొసను గిన్నెకు అడ్డసీలతో గట్టిగా బిగించి, రెండవ కొసకు గిన్నెలో కొన్ని మిల్లీమీటర్లు జరిగే వీలు ఉంచవలెను. గోడలు కదిలినప్పుడు ఆ వీలు అక్కరకు వస్తుంది. ఆ కొస పైకి ఎగిరిపడకుండ గిన్నె మీద ఒక చిన్న మూత పట్టీ ఉండవలెను. గోడ పలుచని ప్లైవుడ్‌దైతే, దాని వెనుక ఒక చెక్కపట్టీ వేసి, బోల్టులను రెంటిలోనుంచి పోనిచ్చి, వాషరు వేసి నట్టు బిగించవలెను. బరువు ఒక్క చోట పడక పట్టీ పొడవునా పంచుకోబడుతుంది.

అడ్డసీల కోసం గొట్టానికి రంధ్రం వేసేటప్పుడు తటస్థ తలాన్ని గుర్తుచేసుకోవలెను. గొట్టం నడిమి భాగంలో, ముఖ్యంగా కింది అంచున, రంధ్రం వేయరాదు. తన్యత హెచ్చుగా ఉండేది అక్కడనే. కొసల దగ్గర, గొట్టం పక్కలలో వేస్తే నష్టం అతిస్వల్పం.

మగ్గం, కావడి

ఈ సూత్రాలు ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర కూడ కనిపిస్తాయి. నేసిన బట్టను చుట్టుకొనే మగ్గపు కర్రను పడుగు పోగులన్నీ ఒక్కసారిగా లాగుతుంటాయి. అది వంగితే నడిమి పోగులు వదులై, అంచు పోగులు బిగిసి, నేత చెడుతుంది. అందుకే ఆ కర్ర లావుగా ఉంటుంది. కావడి బద్ద సంగతి దీనికి తారుమారు. అది వంగవలెను. వంగి లేచే బద్ద కుదుపును తానే మింగి, మోసేవాని భుజాన్ని కాపాడుతుంది.

వంగడం తనంతట తాను దోషం కాదు. ఎంత వంగవలెనో, బరువు ఎక్కడికి చేరవలెనో ముందుగా ఎరుగకపోవడమే దోషం. ఆ వర్తకుడు దండెం ఊడినప్పుడల్లా లావు గొట్టం కొనడానికి డబ్బు పెట్టనక్కరలేదు. ఒక కొక్కెం, నాలుగు బోల్టులు, ఒక దారం, కొంచెం లెక్క ఉంటే చాలును. సంత నుండి తిరిగివచ్చేటప్పుడు అమ్ముడుపోని బట్టలు కూడ మట్టి అంటకుండ ఇల్లు చేరుతాయి.