మూడు బిల్లులు, ఒక్క లోపం

గత మే నెలలో ఒక మధ్యాహ్నం గుంటూరు నుండి విజయవాడ వెళ్తున్నాం. కాజ టోల్ ప్లాజా ఇంకా కొంత దూరం ఉందనగా మా కారు ఇంజిను వేడిని చూపే ముల్లు ఎర్రగీత దాటింది. కారును రోడ్డు పక్కకు తీసి ఆపాను. వెనుక సీటులో డెబ్బై ఎనిమిదేళ్ల మా అమ్మీ ఉన్నారు. కంటి శస్త్రచికిత్స తరువాత వైద్యుడు ఆమెను మళ్లీ చూడవలసిన రోజు అది. చేయి పట్టుకొని నడిపించి ఒక వేపచెట్టు నీడన కూర్చోబెట్టాను. "కారు బాగైందన్నావు కదా బేటా?" అని ఆమె అడిగారు. ఆ మాట ఆమెతో అన్నది నేనే. నాతో అన్నది వర్క్‌షాపు వారు.

అప్పటికి రెండు నెలల్లో ఆ పాత కారును కంపెనీ అధీకృత వర్క్‌షాపునకు మూడుసార్లు తీసుకువెళ్లాను. కూలంట్ తగ్గిపోతోందని చెబితే మొదటిసారి రేడియేటర్ మూత మార్చి 450 రూపాయలు తీసుకున్నారు. రెండోసారి థర్మోస్టాట్ మార్చారు, 2,800 రూపాయలు. మూడోసారి వాటర్ పంపు, 7,600 రూపాయలు. ప్రతిసారీ కారును శుభ్రంగా కడిగి, "ఇక సమస్య ఉండదు సార్" అని తాళం చేతికిచ్చారు. పది రోజులు తిరగకముందే కూలంట్ మళ్లీ గీత కిందికి దిగేది. మొత్తం 10,850 రూపాయలు. ఒక మద్రసా ఉపాధ్యాయుని ఇంట అది చిన్న మొత్తం కాదు.

ఇంటి కుక్కరును తలచుకుంటే ఈ లోపం సులువుగా బోధపడుతుంది. కుక్కరులో ఆవిరి ఒత్తిడి నిలిచినంతవరకు నీరు 100 డిగ్రీలు దాటినా మరిగిపోదు. రేడియేటర్ మూత కూడా అదే విధంగా ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. ఎక్కడైనా సన్నని సందు ఏర్పడితే ఒత్తిడి పోతుంది, కూలంట్ కొద్దికొద్దిగా బయటపడుతుంది, ఇంజిను వేడెక్కుతుంది. ఆ వేడిలోనే బండిని నడిపితే సిలిండర్ హెడ్డు వంగి, గ్యాస్కెట్ పాడై, ఖర్చు అనేక రెట్లు పెరుగుతుంది. ఇంజిను వేడిగా ఉన్నప్పుడు ఆ మూతను తెరవడం మరీ ప్రమాదకరం. మరుగుతున్న కూలంట్ ఒక్కసారిగా ముఖంపైకి చిమ్ముతుంది.

నా దగ్గర చదువుకొని, ఇప్పుడు మరొక వర్క్‌షాపులో మెకానిక్‌గా ఉన్న ఒక యువకునికి ఈ సంగతి చెప్పాను. అతను కాసేపు ఆలోచించి ఇలా అన్నాడు: "హజ్రత్, మీ బాధ విన్నవాడు ఒకడు, కారు కిందికి దూరినవాడు మరొకడు. ఇద్దరి మధ్యా ఉన్నది జాబ్ కార్డు ఒక్కటే. అందులో ఏం రాశారో చదివారా?"

ఇంటికి వచ్చి చూశాను. మూడు కార్డులలోనూ ఫిర్యాదు గడిలో ఉన్నవి రెండే మాటలు: కూలంట్ చెక్. ఇది మూడోసారి అని లేదు. నలభై కిలోమీటర్లు నడిచాకే ముల్లు పైకి పోతుందని లేదు. కింద మాత్రం మూడింటిపైనా నా సంతకం ఉంది. నేను చదవకుండానే సంతకం చేశాను. పైగా నేను కారు అప్పగించేది ఉదయం తొమ్మిది గంటలకు. అప్పటికి ఇంజిను చల్లగా, అంతా పొడిగా ఉండేది. బండి వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే బయటపడే లోపం వారికి కనిపించే అవకాశమే లేకపోయింది. అందుకే ఊహించి ఒక్కొక్క భాగమే మారుస్తూ పోయారు.

ఆ రాత్రి నాకు నా తరగతి గుర్తుకు వచ్చింది. కొన్నేళ్ల క్రితం ఒక పిల్లవాడు 'ఐన్' అక్షరాన్ని 'అలిఫ్' వలె పలికేవాడు. నేను దిద్దేవాడిని, వాడు మళ్లీ తప్పేవాడు. అశ్రద్ధ అనుకొని గద్దించాను. ఒకరోజు స్థలం మారి నా కుడివైపు కూర్చున్నప్పుడు వాడు సరిగా పలికాడు. వానికి ఒక చెవిలో వినికిడి తక్కువని అప్పుడు తెలిసింది. ఒకే తప్పు మూడోసారి ఎదురైనప్పుడు దిద్దడం ఆపి కారణం వెతకాలి. ఆ పని నేనూ ఆలస్యంగానే చేశాను. కనుక వర్క్‌షాపు వారిపై నా కోపం కొంత తగ్గింది. కాని నా హక్కును వదులుకోలేదు.

మరునాడు వర్క్స్ మేనేజర్‌కు అరపేజీ ఉత్తరం రాశాను. తేదీలు, మీటరుపై కిలోమీటర్లు, ప్రతిసారీ పోసిన కూలంట్ ఎంత అన్నవి అందులో రాసి, మూడు బిల్లుల నకళ్లు జతచేశాను. ఏ భాగమూ మార్చకముందు నా ఎదుటనే ఒత్తిడి పరీక్ష చేయమని కోరాను. మొదట ఆయన విసుక్కున్నారు. తరువాత ఒప్పుకున్నారు. చల్లని ఇంజినుకే రేడియేటర్ మూత స్థానంలో చేతిపంపు బిగించి ఒత్తిడి పెట్టారు. దాని ముల్లు మెల్లగా దిగసాగింది. రేడియేటర్ ప్లాస్టిక్ భాగం అల్యూమినియం భాగంతో కలిసే అతుకు వద్ద ఒక చుక్క మెరిసింది. పరీక్షకు పట్టింది పావుగంట. మార్చిన పాత పంపును చూపమంటే అది పారవేశామన్నారు. చివరకు రేడియేటర్ మార్చి, వెనుకటి రెండు మరమ్మతుల కూలీ సొమ్ము తగ్గించారు.

కారు అప్పగించేటప్పుడు "పంపు పోయినట్లుంది" అని మన తీర్పు చెప్పకుండా, ఏమి జరుగుతోందో, ఎప్పుడు జరుగుతోందో చెప్పాలి. ఆ మాటలే జాబ్ కార్డుపై రాయించి, చదివి సంతకం చేయాలి. అంచనా వ్యయం ముందే రాయించుకోవాలి. మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వమని కార్డుపైనే రాయించాలి. బిల్లులన్నీ ఒకచోట భద్రపరచాలి.

అప్పటికీ న్యాయం జరగకపోతే 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సొమ్ము తీసుకొని చేసిన సేవలో లోపం ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. అయితే రెండేళ్ల గడువు దాటనీయకూడదు. ఇంటి పోషణ కోసం స్వయంగా టాక్సీ నడుపుకునేవారికీ ఈ హక్కు ఉంది.

ఈ పత్రిక చదివే ఇళ్లలో కారు ఉన్నవారితో పాటు కార్లు బాగుచేసి బ్రతికే బిడ్డలూ ఉన్నారు. వారికి ఒక మాట. మీ ముందు నిలిచిన బండి ఒక అమానతు. అందులో రేపు ఎవరి తల్లి కూర్చుంటుందో మీకు తెలియదు. "కారణం ఇంకా దొరకలేదు, మరొక రోజు ఉంచండి" అని చెప్పడం అవమానం కాదు. దొరకని లోపానికి బిల్లు వేయడమే అవమానం.

గత నెల అమ్మీని మళ్లీ విజయవాడ తీసుకువెళ్లాను. కాజ సమీపిస్తుండగా ఆమె కిటికీలోంచి ఆ వేపచెట్టును చూపించారు. ఈసారి అక్కడ ఆగవలసిన పని లేకపోయింది. అల్‌హందులిల్లాహ్.