ఆటగాడును స్వరాష్ట్ర కళాశాలయు

ఉన్నత పాఠశాలలో ఫుట్‌బాలు ఆటయందు పేరు గన్న విద్యార్థిని స్వరాష్ట్ర కళాశాలలోనే చేరుమని ఊరివారు ఒత్తిడి చేయుట అమెరికాలో పరిపాటి. తిరువొత్తియూరులోని మన పిల్లలకు ఈ చిక్కు వేరొక రూపమున ఎదురగును. మాతృభాష తెలుగు; నివాసము తమిళనాడు. "ఆంధ్రమునకే పొమ్ము" అని ఒకరు, "ఇచటనే యుండుము" అని మరియొకరు చెప్పుదురు.

మొదట నిబంధనలు తెలిసికొందము. 8 నుండి 12వ తరగతి వరకు తమిళనాట చదివినవారు, జన్మస్థల మేదైనను, ఇచటి ఇంజనీరింగు ప్రవేశములకు అర్హులు. క్రీడాకారులకు ప్రత్యేక స్థానములును గలవు. ఆంధ్రప్రదేశమందు 1974 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ననుసరించి నూటికి 85 స్థానములు స్థానికులవి. మిగిలిన వాటికిని షరతులు గలవు. చట్టము చూచునది చదివిన చోటును గాని మాతృభాషను గాదు.

ఇక అభిమానము మాట. తమిళ కుటుంబమున పుట్టిన తులసీదాసు బలరాము సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పెరిగెను. హైదరాబాదు పక్షమున ఆడి, 1957లో కలకత్తా ఈస్టు బెంగాలు జట్టున జేరెను. 1960 రోము ఒలింపిక్కులలో హంగరీ, పెరూ జట్లపై భారతమునకు గోలులు సాధించెను. రాష్ట్రము మారినందున ఆయన కీర్తికి లోటు కలుగలేదు.

తల్లిదండ్రులారా! కళాశాలను ఎన్నుకొనునపుడు మూడు ప్రశ్నలు వేయుడు. బిడ్డ కోరిన చదువు అచట గలదా? వసతి, భోజనముల వ్యయమెంత? కాలికి దెబ్బ తగిలి ఆట ఆగినచో చదువు సాగునా? ఊరివారి అభిమానము చప్పట్ల వరకే. ఆ పిమ్మట జీవితము బిడ్డదే. కావున తుది నిర్ణయము వానిదే కావలెనని మేము తలంచుచున్నాము.