లిరిక్స్ వద్దు, బీట్ కావాలి: కొత్త ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌ని నేను ఎలా వెతుక్కుంటానంటే..

మాటల్లేని మ్యూజిక్ మన తెలుగువాళ్లకి కొత్తేం కాదు. సినిమా రిలీజైన వారానికే హీరో ఎంట్రీ బీజీఎం రింగ్‌టోన్ అయిపోతుంది. ఊరేగింపులో తీన్మార్ మొదలైతే ఇది ఏ పాట అని ఎవరూ అడగరు, కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఇబ్బంది ఎక్కడంటే.. అలాంటి గట్టి బీట్ ఉండి, గొంతు పెద్దగా వినిపించని మ్యూజిక్ ఇంకా ఇంకా కావాలనిపించినప్పుడు. సినిమా పాటైతే ‘ఏ సినిమాలోది?’ అని అడిగితే చాలు, మిగతావన్నీ దొరుకుతాయి. ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌లో సినిమా ఉండదు, గూగుల్‌లో టైప్ చేయడానికి పల్లవి కూడా ఉండదు.

రివ్యూలు రాసేటప్పుడు నాకు గంటల తరబడి మ్యూజిక్ కావాలి. మధ్యలో ఎవరైనా పాడితే మాత్రం నా వాక్యం అక్కడే ఆగిపోతుంది. కోడింగ్ చేసేవాళ్లకి, ఎగ్జామ్స్‌కి చదువుకునేవాళ్లకి, జిమ్‌కి వెళ్లేవాళ్లకి కూడా ఇదే గొడవ. అందుకే నేను వాడే దారులన్నీ ఒకచోట పెడుతున్నాను.

యాప్ తిప్పి తిప్పి అవే ఎందుకు వినిపిస్తుంది?

స్పాటిఫైలో ‘డిస్కవర్ వీక్లీ’ 2015లో వచ్చింది. ఇలాంటి సిస్టమ్స్ చూసేది ముఖ్యంగా ఒకటే: ఈ ట్రాక్ విన్నవాళ్లు ఇంకేం విన్నారు? కాబట్టి ఇప్పటికే బాగా వినబడుతున్న ట్రాకులే మళ్లీ మళ్లీ పైకొస్తాయి. నిన్న అప్‌లోడ్ అయిన, వంద మంది కూడా వినని మంచి ట్రాక్ వెనకే ఉండిపోతుంది.

ఇంకో తమాషా ఏంటంటే, ఏ ట్రాక్‌లో గొంతు ఎంత ఉందో స్పాటిఫైకి తెలుసు. ‘ఇన్‌స్ట్రుమెంటల్‌నెస్’ అని 0 నుంచి 1 వరకు ఒక నంబర్ ఉంటుంది, 0.5 దాటితే ఇన్‌స్ట్రుమెంటల్ కింద లెక్క. కానీ యాప్‌లో మనకి ఆ ఫిల్టర్ ఇవ్వలేదు. బయటి డెవలపర్లు ఆ డేటాతో వెబ్‌సైట్లు కట్టారు. 2024 నవంబర్ 27న కొత్త యాప్‌లకి ఆ డేటా కూడా ఆపేశారు. అంటే ‘వోకల్స్ లేనివి మాత్రమే’ అనే బటన్ కోసం ఎదురుచూడటం దండగ.

పైగా ‘ఫోకస్ బీట్స్’ లాంటి పేర్లతో కనిపించే ప్లేలిస్టుల్లో ఎవరు చేశారో తెలియని ట్రాకులు బోలెడు. డీజర్ 2025 ఏప్రిల్‌లో చెప్పిన లెక్క చూడండి: వాళ్లకి వచ్చే కొత్త ట్రాకుల్లో 18 శాతం, అంటే రోజుకి 20 వేలకు పైగా, పూర్తిగా ఏఐ తయారుచేసినవే. గొంతు లేని మ్యూజిక్‌లో ఇది పట్టుకోవడం ఇంకా కష్టం. అందుకే యాప్ ఇచ్చింది వినడం తగ్గించి, మనమే వెతకడం నేర్చుకోవాలి.

మొదట స్పీడ్ తెలుసుకోండి

ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌లో జానర్ పేరు అంటే చాలావరకు స్పీడ్, డ్రమ్ ప్యాటర్న్. స్పీడ్‌ని బీపీఎంలో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లు అని కొలుస్తారు. సుమారుగా ఇలా గుర్తుపెట్టుకోండి:

• హౌస్: 120 నుంచి 130. కిక్ డ్రమ్ సమంగా పడుతుంది. చదువుకి, పనికి ఇది బాగుంటుంది.
• టెక్నో: 125 నుంచి 145. వోకల్స్ చాలా తక్కువ. మనం వెతికేది ఎక్కువగా దొరికేది ఇక్కడే.
• డబ్‌స్టెప్: 140 దగ్గర. కానీ బీట్ సగం స్పీడ్‌లో ఉన్నట్టు బరువుగా అనిపిస్తుంది.
• సైట్రాన్స్: 140 పైన. దీని మూలాలు మన గోవా బీచ్ పార్టీల్లోనే ఉన్నాయి.
• డ్రమ్ అండ్ బేస్: 170 నుంచి 175. రన్నింగ్‌కి, జిమ్‌కి సూపర్.

మీకు నచ్చిన మూడు ట్రాకుల బీపీఎం చూడండి. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే మీ జానర్ దొరికినట్టే. 2004లో మొదలైన బీట్‌పోర్ట్ డీజేల షాపు. అక్కడ ప్రతి ట్రాక్ పక్కన జానర్, బీపీఎం, కీ, లేబుల్ రాసి ఉంటాయి. కొనకపోయినా ప్రివ్యూ వినొచ్చు.

‘ఏ లేబుల్‌ది?’ అని అడగండి

నా మొత్తం వెతుకులాటకి ఇదే గుండెకాయ. ఒకప్పుడు మన దగ్గర బ్యానర్ పేరు చూసి సినిమాకి వెళ్లేవాళ్లు. ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌లో చిన్న లేబుల్ సరిగ్గా అలాంటిదే. వెనక ఒక మనిషో ఇద్దరో ఉంటారు, వాళ్ల చెవికి నచ్చిందే రిలీజ్ చేస్తారు. ఒక లేబుల్‌లో రెండు ట్రాకులు మీకు నచ్చాయంటే, మూడోది నచ్చే ఛాన్స్ ఏ ప్లేలిస్ట్ కన్నా ఎక్కువ.

స్పాటిఫైలో ఆల్బమ్ పేజీ చివర కాపీరైట్ లైన్‌లో లేబుల్ పేరు ఉంటుంది. ఆ పేరుతో వెతికి ఫాలో అవ్వండి. మొదలుపెట్టడానికి కొన్ని:

• ట్రెజర్, బెర్లిన్, 1991: గట్టి టెక్నో.
• డ్రమ్‌కోడ్, స్వీడన్, 1996: ఆడమ్ బేయర్ పెట్టినది. పెద్ద స్టేజీలకి సరిపోయే టెక్నో.
• మెటల్‌హెడ్జ్, లండన్, 1994: డ్రమ్ అండ్ బేస్.
• హైపర్‌డబ్, లండన్, 2004: కోడ్‌నైన్ నడుపుతాడు. బేస్ ఎక్కువ.
• నింజా ట్యూన్, లండన్, 1990: అన్ని రకాలూ ఉంటాయి. కొత్తవాళ్లకి సేఫ్.
• ఖిల్లా రికార్డ్స్, ఢిల్లీ: కోహ్రా మొదలుపెట్టిన మన దేశపు టెక్నో లేబుల్.

పాత లేబుల్స్ కోసం డిస్కాగ్స్ ఉంది. 2000లో అది మొదలైందే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ డేటాబేస్‌గా. ఒక ప్రొడ్యూసర్ పేరు కొడితే ఏ లేబుల్‌లో ఏం చేశాడో, వేరే పేర్లతో ఏం రిలీజ్ చేశాడో అంతా దొరుకుతుంది. ఒకే మనిషి నాలుగైదు పేర్లతో మ్యూజిక్ చేయడం ఇక్కడ మామూలే. ఒక పేరు నచ్చితే మిగతా పేర్లు కూడా వెతకండి.

డీజే మిక్సుల నుంచి లాగండి

డీజే పనే కొత్త ట్రాకులు ఏరడం. బీబీసీ రేడియో 1లో ‘ఎసెన్షియల్ మిక్స్’ 1993 నుంచి వస్తోంది. లండన్‌లో 2010లో మొదలైన బాయిలర్ రూమ్ సెట్లు యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి. నేను ఒక మిక్స్ పెట్టుకుని పని చేసుకుంటాను. చెయ్యి ఆగిపోయేంత మంచి ట్రాక్ వస్తే టైమ్ నోట్ చేసుకుంటాను, అంతే. తర్వాత 1001 ట్రాక్‌లిస్ట్స్ సైట్‌లో ఆ సెట్ పేరు కొడితే ట్రాకుల పేర్లు వరసగా ఉంటాయి. షాజమ్ కూడా వాడొచ్చు. కాకపోతే డీజేలు స్పీడ్ మారుస్తారు, రెండు ట్రాకులు కలుపుతారు కాబట్టి ఒక్కోసారి దొరకదు.

ఒక చిన్న చిట్కా. బీట్ నచ్చింది, కానీ గొంతు అడ్డం వస్తోంది అనిపిస్తే ట్రాక్ పేరు పక్కన ‘డబ్’ లేదా ‘ఇన్‌స్ట్రుమెంటల్’ అని కలిపి వెతకండి. క్లబ్‌ల కోసం వోకల్స్ చాలావరకు తీసేసి, బీట్, బేస్ ముందుకు తెచ్చిన వెర్షన్‌ని డబ్ మిక్స్ అంటారు. హౌస్ సింగిల్స్‌లో ఇది తరచుగా ఉంటుంది.

మనుషులు నడిపే రేడియో ఇష్టమైతే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చే సోమా ఎఫ్ఎం, లండన్ నుంచి వచ్చే ఎన్‌టీఎస్ రెండూ ఫ్రీ. సోమాలో ‘బీట్ బ్లెండర్’ ఛానెల్‌తో మొదలుపెట్టండి.

నచ్చితే కొనండి, ఎందుకంటే..

2024 నుంచి స్పాటిఫైలో ఒక ట్రాక్‌కి గడిచిన 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీమ్స్ ఉంటేనే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకి వస్తుంది. మీరు కష్టపడి కనిపెట్టిన ఆ కొత్త ప్రొడ్యూసర్‌కి మీరు యాభై సార్లు విన్నా ఒక్క రూపాయి కూడా వెళ్లకపోవచ్చు. అలాంటివాళ్లు మానేస్తే మనకి మిగిలేది ఆ పేరూ ఊరూ లేని ఫోకస్ ట్రాకులే.

అందుకే నేను బ్యాండ్‌క్యాంప్ వాడతాను. డిజిటల్ అమ్మకంపై వాళ్లు తీసుకునేది 15 శాతం. 2020 మార్చిలో మొదలైన ‘బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే’ రోజుల్లో ఆ వాటా కూడా వదిలేస్తారు. కొన్నాక ఫ్లాక్ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, నెట్ లేకపోయినా అది మీదే. మీ కార్డులో ఇంటర్నేషనల్ పేమెంట్స్ ఆన్ చేసి ఉండాలి. వెతకడానికి కూడా ఇది నాకు బాగా పనికొస్తుంది. ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవాళ్ల బొమ్మలు కనిపిస్తాయి. ఒకరిని క్లిక్ చేస్తే వాళ్లు కొన్నవన్నీ చూడొచ్చు. డబ్బు పెట్టి కొన్న మనిషి టేస్ట్ మీద నాకు ఆల్గారిథమ్ కన్నా నమ్మకం ఎక్కువ.

ఫోన్ స్పీకర్‌లో విని తీర్పు చెప్పకండి

ఈ మ్యూజిక్‌లో అసలు విషయమంతా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. కిక్, సబ్ బేస్ 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్య కొడతాయి. ఫోన్ స్పీకర్ అంత చిన్నది ఆ శబ్దాన్ని సరిగ్గా ఇవ్వలేదు. అందులో వింటే టెక్నో అంటే ‘టిక్ టిక్’ మాత్రమే వినిపిస్తుంది. ఇయర్‌బడ్స్ అయితే చెవిలో గాలి లీక్ కాకుండా సిలికాన్ టిప్ సైజ్ మార్చి చూడండి. బేస్ తక్కువైందని ఈక్వలైజర్ పెంచే ముందు చేయాల్సింది ఇదే. యాప్ సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ కూడా ఆన్ చేయండి, లేకపోతే మిక్స్ ఆల్బమ్స్ మధ్యలో తెగుతాయి. వాల్యూమ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. రోజంతా వినేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఈ వారం వినడానికి ఐదు

• చరణ్‌జిత్ సింగ్, ‘టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’, 1982: ముంబై సెషన్ మ్యుజీషియన్ రోలాండ్ టీఆర్ 808, టీబీ 303 మెషీన్లతో పది రాగాలు వాయించాడు. అప్పట్లో అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ రిలీజయ్యాక ప్రపంచం నోరెళ్లబెట్టింది. ఇందులో భూపాలి వినండి, అది మన మోహన రాగమే.
• ఫోటెక్, ‘మోడస్ ఒపరాండి’, 1997: డ్రమ్స్ ఎంత పదునుగా ఉండొచ్చో చూపించే డ్రమ్ అండ్ బేస్.
• జాన్ హాప్‌కిన్స్, ‘ఇమ్యూనిటీ’, 2013: ‘ఓపెన్ ఐ సిగ్నల్’తో మొదలుపెట్టండి.
• కియాస్మోస్ మొదటి ఆల్బమ్, 2014: పియానో, మెత్తని టెక్నో. రాత్రి పనికి.
• ఫ్లోటింగ్ పాయింట్స్, ‘క్యాస్కేడ్’, 2024: ఇయర్‌బడ్స్ టెస్ట్ చేయడానికి కూడా పనికొస్తుంది.

వీటిలో ఒక్కటి నచ్చినా అక్కడే ఆగకండి. దాని లేబుల్ ఏంటో చూడండి, ఆ లేబుల్‌లో ఈ ఏడాది ఏం వచ్చిందో వినండి, ఆ ట్రాక్‌ని ఏ డీజే వాడాడో వెతకండి. వారానికి అరగంట పెడితే చాలు, నెల తిరిగేసరికి మీ ఫ్రెండ్స్ ఎవరూ వినని ప్లేలిస్ట్ మీ ఫోన్‌లో ఉంటుంది.